ఊరికే ఎవరిస్తారు?

2023 మార్చి 13, సోమవారం ఉదయం. కాలేజీకి వేళ మించిపోతున్నా మా ఇంట్లో ఎవరమూ టెలివిజన్ ముందునుంచి లేవలేదు. లాస్ ఏంజిలిస్ నగరంలో అప్పటికి ఇంకా ఆదివారం సాయంత్రమే. అక్కడి డాల్బీ థియేటరులో "నాటు నాటు" పాటకు ఆస్కారు వచ్చిందన్న మాట వినబడగానే మా అమ్మాయి కుర్చీలోంచి ఒక్క గంతు వేసింది. మా ఆవిడ చేతిలో గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది. వేదికమీద కీరవాణిగారు తమ కృతజ్ఞతను పాటగా పాడి వినిపించారు. పక్కన నిలబడిన చంద్రబోస్‌గారు "నమస్తే" అన్నారు. ఆ క్షణాన నా కళ్ళు చెమ్మగిల్లాయని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. తెలుగు పాట అంత దూరం వెళ్ళి తలెత్తుకు నిలబడితే ఆమాత్రం కదలకపోతే ఎలా?

సందడి సద్దుమణిగాక మా అమ్మ తన సందేహం బయటపెట్టింది.

"ఆ బొమ్మతోపాటు డబ్బెంత ఇస్తార్రా?"

"డబ్బేమీ ఇవ్వరమ్మా. బొమ్మ ఒక్కటే."

"అంతా బంగారమేనా?"

"కాదు. కంచుబొమ్మ. పైన బంగారు పూత."

"పోనీలే, మర్యాదగా ఉంది," అంది అమ్మ తృప్తిగా.

మా అమ్మాయి ఊరుకోలేదు. అప్పటికే సెల్‌ఫోనులో ఏదో చదువుతోంది. "ఒక్క బొమ్మేం కాదు మామ్మా! నామినేషన్ వచ్చిన పెద్ద పెద్ద నటులకి కానుకల సంచి ఒకటి ఇస్తారట. ఈ ఏడు దాని ఖరీదు 1,26,000 డాలర్లట. మన డబ్బులో కోటి పైమాటే!"

మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. కోటి రూపాయలు ఒక సంచిలో ఎలా పడతాయా అని ఆలోచిస్తోందేమో ననుకొన్నాను. ఆవిడ ఆలోచన అది కాదు.

"వాళ్ళకేం తక్కువని ఇస్తున్నారే? ఊరికే ఎవరిస్తారు?"

ఆ రోజు కాలేజీలో పాఠం చెబుతున్నంతసేపూ ఆ ప్రశ్న నా చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది. దాని వెంటపడి నేను చదివి తెలుసుకొన్నదీ, తీరా వెదికితే మా ఇంటి అటకమీదే దొరికినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

సంచిలో ఏముంది?

మొట్టమొదట ఒక సంగతి చెప్పాలి. ఈ సంచిని ఇచ్చేది ఆస్కారు బహుమతులిచ్చే అకాడమీ కాదు. లాస్ ఏంజిలిస్‌లో డిస్టింక్టివ్ ఎసెట్స్ అనే ప్రచార సంస్థ ఒకటి ఉన్నది. లాష్ ఫేరీ అనే ఆయన 1999లో దాన్ని స్థాపించారు. నటనకూ, దర్శకత్వానికీ నామినేషన్ పొందిన పాతిక మందికీ, సభ నడిపే వ్యాఖ్యాతకూ ఈ సంస్థ ఏటా సంచులు పంపుతుంది. సంచికి పెట్టిన పేరు "ఎవ్రీవన్ విన్స్". అనగా అందరూ గెలిచినవారేనని. బొమ్మ రానివారి కన్నీళ్ళు తుడవడానికి అన్నమాట! పాటలకు ఆ పట్టికలో చోటు లేదు. ఆ లెక్కన మన పాటవారికి దక్కవలసింది బొమ్మే. అదేమీ తక్కువ కాదు.

ఇక లోపలి సరుకు. 2023 నాటి సంచిలో ఇటలీ సముద్రతీరపు దీపస్తంభంలో ఎనిమిదిమంది మూడు రాత్రులు బస చేయడానికి ఏర్పాటు ఉంది. కెనడాలో విలాసవంతమైన విడిది ఉంది. జబ్బల దగ్గర పేరుకొన్న కొవ్వు తీయించుకోవడానికి 12,000 డాలర్ల చికిత్స ఉంది. ఊడిన జుట్టు మొలిపించడానికి ఇంకొక చికిత్స. జపాను పద్ధతిలో చేసిన పాలరొట్టె కూడా ఉన్నదట. కోటి రూపాయల సంచిలో రొట్టె ఎందుకని అడగకండి. ఆకలి ఎవరికైనా వేస్తుంది కదా!

చూడగా చూడగా తెలిసిందేమంటే, ఇది పేరుకే సంచి. ఖరీదైనవన్నీ చీటీల రూపంలో ఉంటాయి. ఫలానా చోటికి వస్తే ఫలానా సేవ ఉచితం అని వ్రాసిన చీటీలు. వాడుకొన్నవారికి వాడుకొన్నంత. 2022 నాటి సంచిలో స్కాట్లండు దేశపు నేల చిన్న ముక్క పెట్టారు. ఆ నేలతోపాటు "లార్డు" అనో "లేడీ" అనో పిలిపించుకొనే వేడుక కూడా జతచేశారు. మన రాజులు కవులకు అగ్రహారాలిస్తే ఊరు ఊరంతా వచ్చేది. ఇక్కడ తులసికోట కట్టుకోవడానికి సరిపోయే జాగా, దానికొక బిరుదు! కాలమహిమ.

విలువ మాత్రం పెరుగుతూనే వచ్చింది. 2025 నాటి సంచి ఖరీదు రెండు లక్షల డాలర్లు దాటింది.

చదివేది మా అమ్మాయి

ఇంతకూ ఇచ్చేదెవరు? సంచి కట్టే సంస్థ బజారుకు వెళ్ళి ఇవన్నీ కొనదు. విడిదుల యజమానులూ, వైద్యులూ, అలంకరణ సామగ్రి తయారుచేసేవారూ తమ సరుకును తామే తెచ్చి ఇస్తారు. పైగా సంచిలో చోటు దొరికినందుకు వేలకొలదీ డాలర్ల రుసుము కూడా చెల్లిస్తారు. ఇచ్చేవాడే ఎదురు డబ్బిచ్చి ఇచ్చే దానం ఇది. మన ధర్మశాస్త్రాల్లో ఇట్టి దానానికి పేరు లేదు. వ్యాపారశాస్త్రంలో ఉన్నది. దాన్ని ప్రకటన అంటారు.

లెక్క చాలా సులువు. ఒక విడిది యజమాని పాతిక చీటీలు ఇస్తాడు. అందులో పదిమంది వస్తారో, ఇద్దరే వస్తారో తెలియదు. ఒక్కరూ రాకపోయినా అతనికి నష్టం లేదు. ఎందుచేతనంటే సంచి నటుడి ఇల్లు చేరకముందే అందులోని సరుకుల పట్టిక ప్రపంచంలోని పత్రికలన్నిటిలో అచ్చవుతుంది. అతని విడిది పేరు ఆస్కారు పక్కన నిలుస్తుంది. రాజమండ్రిలో ఒక మధ్యతరగతి ఇంట్లో, డిగ్రీ చదువుతున్న పిల్ల, వాళ్ళ మామ్మకు ఆ పట్టిక పైకి చదివి వినిపిస్తుంది.

ఇది తట్టినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ సంచి నటుల చేతికి వెళ్ళవచ్చుగాని, అది నటులకోసం కట్టినది కాదు. మా అమ్మాయికోసం కట్టినది.

ఇంకొక పద్ధతి కూడా ఉన్నది. బహుమతుల సభకు ముందు రోజుల్లో పెద్ద హోటళ్ళలో గదులు తీసుకొని "గిఫ్టింగ్ సూట్లు" తెరుస్తారు. వరుసగా బల్లలు వేసి, వాటిమీద నగలూ, చెప్పులూ, సెంట్లూ, చలవ కళ్ళద్దాలూ పేరుస్తారు. తారలు వచ్చి నచ్చినవి తీసుకోవచ్చు. డబ్బు అడగరు. కాని ప్రతి బల్ల దగ్గరా కెమెరా ఉంటుంది. సరుకు చేత్తో పట్టుకొని ఒక్క చిరునవ్వు నవ్వితే చాలు. ఆ చిరునవ్వే మూల్యం. అదే నవ్వును పద్ధతి ప్రకారం ఒప్పందం వ్రాయించుకొని ప్రకటనలో నవ్వించాలంటే ఎంత అడుగుతారో తెలిసినవాడు గనకనే, దుకాణదారు చెప్పులజత ఊరికే ఇచ్చేస్తున్నాడు.

సంచుల ఖరీదు అని పత్రికల్లో వచ్చే అంకెలను కూడా కాస్త చూసి నమ్మాలి. 2006లో అకాడమీ తానే ఇచ్చిన కానుకల బుట్ట విలువ లక్ష డాలర్లు దాటిందని ఆనాటి పత్రికలు వ్రాశాయి. ఆ ఏడు ఉత్తమ సహాయనటుడుగా గెలిచిన జార్జి క్లూనీ తన బుట్టను యునైటెడ్ వే అనే సేవాసంస్థకు ఇచ్చివేశారు. తుఫాను బాధితుల సహాయార్థం వేలం వేస్తే అది 45,100 డాలర్లు పలికింది. అంత పెద్ద నటుడి చేయి తగిలిన బుట్ట, అందులోనూ పుణ్యకార్యానికి పెట్టిన వేలం. అయినా చెప్పిన ధరలో సగం దగ్గరే ఆగిపోయింది. ఇచ్చేవాడు చెప్పే ఖరీదు వేరు, కొనేవాడు విప్పే మూట వేరు. ఈ సంగతి మన గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

పన్నులవారు అడిగిన ప్రశ్న

ఇప్పుడే అకాడమీ ఇచ్చిన బుట్ట అన్నాను. అదొక కథ. మొదటి ఆస్కారు సభ 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో జరిగింది. అతిథులు విందుకు అయిదు డాలర్ల టిక్కెట్టు కొనుక్కొని వచ్చారు. బహుమతులు పంచడం పావుగంటలో ముగిసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహానికి కరువు వస్తే మూడేళ్ళపాటు ప్లాస్టరు బొమ్మలే ఇచ్చారు. ఎవరూ చిన్నబుచ్చుకొన్నట్టు లేదు.

తరువాత సభ పెద్దదయింది, టెలివిజన్‌కు ఎక్కింది. వేదికమీదకు వచ్చి బహుమతులు అందించే తారలకు పారితోషికం ఇచ్చే ఆచారం లేదు. ఆ శ్రమకు కృతజ్ఞతగా 1989 నుంచి అకాడమీ వారికి కానుకల బుట్టలు ఇవ్వసాగింది. ఏటేటా బుట్ట బరువెక్కింది. చివరికి అమెరికా పన్నుల శాఖ కన్ను దానిమీద పడింది. 2006లో ఆ శాఖ తేల్చి చెప్పిందేమంటే, ఇవి ప్రేమతో ఇచ్చిన కానుకలు కావు, ఆదాయం. పుచ్చుకొన్నవారు విలువ చూపి పన్ను కట్టవలసిందే. 2005 వరకు ఇచ్చిన బుట్టల పన్ను బాకీని అకాడమీ తానే తీర్చడానికి ఒప్పుకొన్నది. 2007 నుంచి బుట్టలు మానివేసింది. బయటి సంస్థ సంచులు మాత్రం సాగుతూనే వచ్చాయి. తమ పేరు వాడుకొంటున్నారని 2016లో అకాడమీ ఆ సంస్థమీద దావా వేసింది. ఆస్కారుతో తమకు సంబంధం లేదని స్పష్టంగా చెబుతామని ఆ సంస్థ ఒప్పుకొన్నాక రాజీ కుదిరింది.

పన్నులవారి మాటకు వెనుక ఒక పాత తీర్పు బలం ఉన్నది. 1960లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. ఒహాయో రాష్ట్రంలో డూబర్‌స్టీన్ అనే లోహవ్యాపారి న్యూయార్కులోని బెర్మన్ అనే మరొక వ్యాపారికి కొనుగోలుదారుల పేర్లు చెబుతుండేవాడు. ఆ పేర్లవల్ల లాభం కలిగింది. బెర్మన్ సంతోషించి అతనికి ఒక కాడిలాక్ కారు బహూకరించాడు. డూబర్‌స్టీన్ మొదట వద్దన్నాడు. తనకు అప్పటికే ఒక కాడిలాకూ, ఇంకొక కారూ ఉన్నాయన్నాడు. ఆఖరికి పుచ్చుకొన్నాడు. కానుకకు పన్నేమిటని ఆదాయంలో చూపలేదు. అటుపక్క బెర్మన్ కంపెనీ మాత్రం ఆ కారు ఖరీదును వ్యాపారపు ఖర్చుల పద్దులో వ్రాసుకొన్నది!

కోర్టు ఏమన్నదంటే, వస్తువును చూడకండి, ఇచ్చినవాడి మనస్సును చూడండి. ఏ ప్రతిఫలమూ కోరకుండా, ప్రేమతోనో దయతోనో ఇస్తే అది కానుక. చేసిన మేలుకు బదులుగానో, చేయబోయే మేలు కోరియో ఇస్తే అది ఆదాయం. మా అమ్మ కాఫీ త్రాగుతూ అన్న నాలుగు మాటలనే తొమ్మండుగురు న్యాయమూర్తులు విచారించారు గదా అనిపించింది.

మన దేశం కూడా ఈ దారికే వచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ అనే కొత్త సెక్షను 2022 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చారు. వ్యాపారంలోగాని, వృత్తిలోగాని ఏడాదికి 20,000 రూపాయలు మించిన లాభం వస్తురూపంలో ముట్టినా, నూటికి పది రూపాయల చొప్పున పన్ను ముందే పట్టి కట్టమన్నది ఆ సెక్షను. ఇంటర్నెట్టులో లక్షలమంది చూసే వ్యక్తికి ఒక కంపెనీ కారో సెల్‌ఫోనో ఇచ్చి ప్రచారం చేయించుకొంటే ఏమవుతుందో కూడా పన్నుల బోర్డువారు ఉదాహరణ ఇచ్చి వివరించారు. వాడి తిరిగి ఇచ్చేస్తే పేచీ లేదు. ఉంచుకొంటే మాత్రం అది అతనికి ముట్టినట్టే లెక్క.

ఇక్కడే ఒక చమత్కారం ఉంది చూడండి. 1950 నుంచి ఆస్కారు గెలిచినవారు తమ బొమ్మను బయట అమ్ముకోకూడదు. అమ్మదలిస్తే ముందు అకాడమీకే ఇవ్వజూపాలి. అకాడమీ అందుకు ఇచ్చే ధర ఒక్క డాలరు. అంతకుముందు నాటి బొమ్మలకు ఈ కట్టడి లేదు కనుక, "గాన్ విత్ ద విండ్" సినిమాకు వచ్చిన బొమ్మను 1999లో మైకేల్ జాక్సన్ పదిహేను లక్షల డాలర్లకు పైగా పెట్టి వేలంలో కొన్నారు. అంతటి గిరాకీ ఉన్న వస్తువుకు అకాడమీ ఒక్క డాలరు ధర కట్టింది. అనగా గౌరవాన్ని బజారులో పెట్టవద్దని ముడి వేసింది. ఆ గౌరవం చుట్టూ మూగిన సంచికేమో రెండు లక్షలు! గెలిచినవారికి ఒక డాలరు బొమ్మ, ఓడినవారికి రెండు లక్షల ఓదార్పు.

చదివింపుల పుస్తకం

ఆ మరుసటి ఆదివారం మా బంధువుల ఇంట్లో పెళ్ళి శుభలేఖ వచ్చింది. మా అమ్మకు వెంటనే పాత చదివింపుల పుస్తకం కావలసి వచ్చింది. నా చెల్లెలి పెళ్ళికి వాళ్ళు ఏమి చదివించారో చూసుకొని అందుకు తగ్గట్టు మనం ఇవ్వాలి గదా! పుస్తకం అటకమీది సూట్‌కేసులో ఉన్నదంటే బల్ల వేసుకొని ఎక్కి పెట్టె దించాను.

చదివింపుల సంగతి ఈ తరం పిల్లలకు అంతగా తెలియదేమో. పెళ్ళిపందిట్లో ఒక పెద్దమనిషి కలమూ పుస్తకమూ పట్టుకొని కూర్చునేవాడు. ఫలానావారు ఇంత, ఫలానావారు ఇత్తడి బిందె అని పైకి చదివి వ్రాసుకొనేవాడు. నాకు చదువుకొనే రోజుల్లో ఈ ఆచారం మోటుగా కనిపించేది. ప్రేమకు పద్దులేమిటని మా నాన్నగారితో వాదించాను కూడా. ఇప్పుడు అనిపిస్తున్నది, అంతకంటే నిజాయతీ అయిన పద్ధతి ఇంకొకటి లేదు. ఇది ఊరికే వచ్చిందని ఎవరూ భ్రమపడరు. ఎవరి దగ్గర పుచ్చుకొన్నామో, ఎప్పటికి తిరిగి ఇవ్వాలో నల్లని సిరాతో వ్రాసి ఉంటుంది.

మన పూర్వులు కానుక అనేసరికి వ్రాతకోతలు తప్పనిసరి చేశారు. 1053 నాటి నందంపూడి శాసనం సంగతి నేను ఏటా క్లాసులో చెబుతుంటాను. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రచించినది సాక్షాత్తూ నన్నయభట్టు. ఇట్టి శాసనాల్లో ఇచ్చినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు, పొలిమేర ఏది అన్నీ రాగిరేకుమీద చెక్కి ఉంటాయి. "సర్వకర పరిహారం" అనే మాట కూడా ఉంటుంది. అనగా ఏ పన్నూ లేదని. పన్ను ఎగ్గొట్టినది కాదు, పన్ను విధించవలసిన రాజే నలుగురిముందు వదులుకొన్నది.

అలాగని రాజులంతా ప్రతిఫలం కోరనివారని నేననడం లేదు. కృతి పుచ్చుకొని కీర్తి సంపాదించుకోవాలన్న ఆశ వారికీ ఉండేది. అల్లసాని పెద్దనకు రాయలు గండపెండేరం తొడిగినా, శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం జరిగినా, ఇటు బంగారం, అటు కావ్యం. ఇచ్చిపుచ్చుకోవడం నిండుసభలో జరిగింది. అదే శ్రీనాథుడు ముసలితనంలో బొడ్డుపల్లె పొలం గుత్తకు తీసుకొని, బాకీ తీర్చలేక పడరాని పాట్లు పడ్డాడని చాటువులు చెబుతాయి. కనకాభిషేకం నాటి మిత్రులు అప్పుడు కనిపించలేదు. కొలువులో వెలుగుతున్నవాడికి వచ్చిన కానుకలు, వెలుగు తగ్గినవాడికి రాలేదు. హాలీవుడ్‌లోనూ నామినేషన్ లేని ఏడు సంచి రాదు. ఇది తెలిసే కాబోలు, రాజుల కానుకలకు తన భాగవతాన్ని ఇవ్వనని పోతన ముందే చెప్పివేశాడు.

ఈ ధోరణిలో మా అమ్మకు ఏదో చెబుతున్నాను. ఆవిడ పుస్తకం చూడడం ముగించి, పెట్టెమీద చేత్తో తడిమింది.

"పెట్టె బాగుందిరా. ఇది ఎప్పుడు కొన్నావు?"

"కొనలేదమ్మా. ఎవరో ఇచ్చారు, ఊరికే..."

ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

అటకమీది పెట్టె

2017 జూన్‌లో కాలేజీలు తెరిచిన కొత్తలో ఒక ప్రచురణ సంస్థ ప్రతినిధి స్టాఫురూముకు వచ్చాడు. మంచి మర్యాదస్థుడు. డిగ్రీ రెండవ సంవత్సరపు తెలుగుకు తాము వేసిన గైడు రెండు ప్రతులు ఇచ్చాడు. "మాస్టారూ, ఒకసారి చూడండి. నచ్చితే పిల్లలకు చెప్పండి," అన్నాడు. వెళ్ళేటప్పుడు చక్రాల సూట్‌కేసు ఒకటి నా కుర్చీపక్కన పెట్టాడు. "ఇదేమిటండీ?" అంటే, "ఏముందండీ, మా కంపెనీ జ్ఞాపికగా," అన్నాడు. అప్పటికి వారం రోజులుగా మా ఆవిడ తిరుపతి ప్రయాణానికి మంచి పెట్టె లేదని అంటూ ఉన్నది. నేను కాదనలేదు.

గైడు చెడ్డదేమీ కాదు. కాని 95 రూపాయల పాఠ్యపుస్తకం చాలు. ఆ సంగతి అంతకుముందు పదేళ్ళుగా క్లాసులో చెబుతూ వచ్చినవాణ్ణి నేనే. ఆ ఏడు మాత్రం, "ఈ పుస్తకం దగ్గర ఉంటే మంచిది," అన్నాను. అంతే. ఒక్క వాక్యం. ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్చరరు "మంచిది" అంటే విద్యార్థి చెవికి "తప్పదు" అని వినిపిస్తుందని నాకు తెలియదా?

రెండురోజుల తరువాత ఒక కుర్రవాడు వరండాలో నా వెంట వచ్చాడు. "సార్, మా నాన్నకి శనివారం బట్వాడా వస్తుంది. అప్పుడు కొంటాను. అందాకా ఏమీ అనుకోకండి," అన్నాడు. వాళ్ళ నాన్న తాపీపని చేస్తాడు. "పరవాలేదోయ్, తొందర లేదు," అన్నాను ఉదారంగా! వాడు దణ్ణంపెట్టి వెళ్ళాడు. కొనకపోయినా నష్టంలేదని చెప్పవలసిన నోరు తొందర లేదని చెప్పింది. మేము మాత్రం ఆ పెట్టెతోనే తిరుపతి వెళ్ళివచ్చాము.

క్లాసులో 64 మంది. గైడు ఖరీదు 240 రూపాయలు. అందరూ కొన్నారు. 15,360 రూపాయలు. పెట్టె ఖరీదు 3,500 ఉంటుందేమో. లెక్క ఎవరైనా వేయగలరు. ఆరేళ్ళపాటు నేను వేయలేదు. ఎందుకంటే నా మనస్సులో అది ఊరికే వచ్చిన పెట్టె.

ఎక్కడో అమెరికాలో తారల సంచులను చూసి ముక్కుమీద వేలేసుకొన్న నేను, నా మోస్తరులో నేనూ అట్టి సంచి పుచ్చుకొన్నవాణ్ణే. పుచ్చుకోవడం పాపమని నేననను. పండక్కి పక్కింటివారు అరిసెలు పంపితే పుచ్చుకోమా? మా అమ్మ ఆ గిన్నెను ఎన్నడూ ఖాళీగా తిరిగి పంపదు. ఇంట్లో ఏమీ లేకపోతే కాస్త పంచదార అయినా వేసి పంపుతుంది. కాని నా నోటిమాటకోసం, నా చిరునవ్వుకోసం, నా సంతకంకోసం ఎవరైనా ఏదైనా ఇస్తే, ఆ ఖరీదు ఇచ్చినవాడి జేబులోంచి రాదు. తార నవ్వు చూసి చెప్పులు కొన్న ఆడపిల్ల కడుతుంది. లెక్చరరు మాట విని గైడు కొన్న కుర్రవాడు కడతాడు. అరిసెల గిన్నెలో పంచదార వేయడానికి పక్కింటి గుమ్మం తెలుసు. వీళ్ళ గుమ్మాలు పుచ్చుకొన్నవాడికి కనబడవు.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. తిడుతుందనుకొన్నాను. తిట్టలేదు. చదివింపుల పుస్తకం నా ముందుకు జరిపింది.

"పుచ్చుకొన్నావుగా. రాసుకో," అంది.

ఆఖరి పేజీలో చోటు ఉన్నది. తేదీ వేశాను. "చక్రాల పెట్టె ఒకటి" అని వ్రాశాను. ఇచ్చినవారి పేరు దగ్గర ఒక్క నిమిషం కలం ఆగింది. కంపెనీ పేరు వ్రాయబుద్ధి కాలేదు. "రెండవ సంవత్సరం విద్యార్థులు, 64 మంది" అని వ్రాశాను.

ఆ 64 మంది ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. వారి బాకీ వారికే తీర్చే దారి లేదు. అందుచేత ఏటా జూన్‌లో 95 రూపాయల పాఠ్యపుస్తకం నాకు వీలైనన్ని ప్రతులు కొని, కొనుక్కోలేని పిల్లలకోసం కాలేజీ లైబ్రరీలో పెడుతున్నాను. ఎన్ని ప్రతులు పెట్టానో ఆ పేజీలోనే ఎక్కిస్తున్నాను. ప్రచురణ సంస్థల ప్రతినిధులు ఇప్పటికీ వస్తుంటారు. కాఫీ ఇప్పించి, పుస్తకం చూసి, పంపించివేస్తున్నాను.

15,360 రూపాయల బాకీ ఇంకా పూర్తిగా తీరలేదు. పెట్టె మాత్రం మళ్ళీ అటకమీదికే ఎక్కింది. చదివింపుల పుస్తకం అందులోనే ఉంది.